మెమ్‌సెట్‌ను అసెంబ్లీలో రాసుకోవడం: పదహారు బైట్ల నుంచి పెద్ద బఫర్ దాకా

మెమరీలో ఒక భాగాన్ని ఒకే బైటుతో నింపే సీ లైబ్రరీ ఫంక్షన్ మెమ్‌సెట్. దానికి మనం చెప్పేవి మూడే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ బైటుతో నింపాలి, ఎన్ని బైట్లు నింపాలి. సీ భాషలో రాస్తే నాలుగు లైన్ల లూప్. అయినా జీలిబ్‌సీలో (లినక్స్ వాడే సీ లైబ్రరీ) ఒక్క ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లు) కోసమే దీనికి అరడజనుకు పైగా వెర్షన్లున్నాయి. 16 బైట్ల స్ట్రక్చర్‌ను తుడవడం, 64 మెగాబైట్ల బఫర్‌ను తుడవడం పేరుకే ఒక పని. మొదటిదాంట్లో టైమంతా బ్రాంచ్‌ల (ఇటా, అటా అని తేల్చే జంప్‌ల) దగ్గర పోతుంది, రెండోదాంట్లో ర్యామ్ దగ్గర పోతుంది. అందుకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ రాసే ముందే రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి: సైజు ఎంత? నింపిన వెంటనే ఆ మెమరీని ఎవరైనా చదువుతారా?

మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ వైపు, ఇటు నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, దెగ్లూర్ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ మీడియం చదివి, కాలేజీలో ఇంగ్లిష్ పుస్తకం పట్టుకున్న వాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నది ఇది. ఇన్‌స్ట్రక్షన్ల పేర్లు పలికే తీరులో తెలుగులోనే ఇస్తున్నాం; ఫైల్లో మాత్రం మామూలుగా ఇంటెల్ సింటాక్స్‌లో టైప్ చేసుకోండి. చేతిలో ఉన్నది పాత పెంటియమ్ డెస్క్‌టాప్ కావచ్చు, కొత్త ల్యాప్‌టాప్ కావచ్చు, ఉత్త ఫోనే కావచ్చు. మూడింటికీ దారి ఉంది.

అసలు రాయాలా, వద్దా

సైజు కంపైల్ చేసేటప్పుడే తెలిసిపోతే రాయకండి. 24 బైట్ల స్ట్రక్చర్‌ను సున్నా చేయమంటే జీసీసీ, క్లాంగ్ రెండూ ఫంక్షన్‌ను పిలవకుండా అక్కడికక్కడే రెండు మూడు స్టోర్లు (మెమరీలోకి రాసే ఇన్‌స్ట్రక్షన్లు) పెట్టేస్తాయి. మీ ఫంక్షన్ ఎంత బాగున్నా కాల్, రిటర్న్ ఖర్చు దగ్గరే ఓడిపోతుంది. అప్పుడే తీసుకున్న పెద్ద మెమరీని సున్నా చేయడానికైతే క్యాలాక్ వాడండి. కెర్నల్ నుంచి కొత్తగా వచ్చిన పేజీలు ఎలాగూ సున్నాలతోనే వస్తాయి కాబట్టి అది మళ్లీ తుడవదు.

సైజు నడిచేటప్పుడు మాత్రమే తెలిసే చోట్లకు, లైబ్రరీ లేని చోట్లకు (బూట్‌లోడర్, సొంత కెర్నల్, చిన్న రన్‌టైమ్), మామూలు మెమ్‌సెట్ చేయలేని పనులకు ఇది పనికొస్తుంది. ఆఖరి రకం పనికి ఒక ఉదాహరణ కింద వస్తుంది.

చిన్న సైజులు: ఇక్కడే ఎక్కువ శ్రద్ధ

మామూలు ప్రోగ్రాముల్లో మెమ్‌సెట్ పిలుపుల్లో ఎక్కువ భాగం చిన్నవే. ఒక బ్రాంచ్‌ను ప్రాసెసర్ తప్పుగా ఊహిస్తే 15 నుంచి 20 సైకిళ్లు పోతాయి. ఆ టైములో ఎల్1 క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఉన్న 500 బైట్లు నింపేయొచ్చు. కాబట్టి చిన్న సైజుల దారిలో చూడాల్సింది ఎన్ని బైట్లు రాశామన్నది కాదు, ఎన్ని బ్రాంచ్‌లు దాటామన్నది. బైటు బైటుగా తోక (చివర మిగిలిన బైట్లు) నింపే లూప్ పెడితే అది ఎన్నిసార్లు తిరుగుతుందో ప్రతిసారీ మారుతుంది, ఊహ ప్రతిసారీ తప్పుతుంది.

దీనికి మందు ఒకదానిమీద ఒకటి పడే స్టోర్లు. 16 నుంచి 31 బైట్ల వరకు ఏ సైజైనా రెండే 16 బైట్ల స్టోర్లు చాలు: ఒకటి మొదట్లో, ఇంకొకటి చివరికి సరిగ్గా 16 బైట్ల ముందు. మధ్యలో కొన్ని బైట్లు రెండుసార్లు పడతాయి. గోడకు సున్నం కొట్టేటప్పుడు కుంచె కొంచెం ముందు పూసిన చోటే మళ్లీ తగిలినా గోడ చెడిపోదు కదా, ఇదీ అంతే. రెండుసార్లూ రాసేది అదే బైటు. 8 నుంచి 15కు రెండు 8 బైట్ల స్టోర్లు, 4 నుంచి 7కు రెండు 4 బైట్లవి, 2, 3కు రెండు 2 బైట్లవి. 1కి ఒకటే. సున్నాకు ఏమీ రాయకుండా వెనక్కి.

లినక్స్‌లో అడ్రస్ ఆర్‌డీఐ రిజిస్టర్‌లో, బైటు ఈఎస్‌ఐలో, సైజు ఆర్‌డీఎక్స్‌లో వస్తాయి. మొదటి అడ్రస్‌నే ఆర్‌ఏఎక్స్‌లో తిరిగి ఇవ్వాలి. విండోస్‌లో ఇవి ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8. అక్కడ ఆర్‌డీఐని పాడుచేస్తే తిరిగి పాత విలువ పెట్టాల్సిన బాధ్యత మనదే.

బైటు ఇంట్ రూపంలో వస్తుందన్నది చాలామంది మర్చిపోతారు. 4660 పంపినా కింది బైటు 52 మాత్రమే వాడాలి. జనరల్ రిజిస్టర్‌లో 8 సార్లు పరచాలంటే ముందు మూవ్‌జెడ్‌ఎక్స్‌తో కింది బైటు ఒక్కదాన్నే తీసుకుని, తర్వాత ఐమల్‌తో 72340172838076673తో గుణించాలి (8 బైట్లలో ప్రతి బైటూ 1గా ఉండే సంఖ్య అది). మూవ్‌జెడ్‌ఎక్స్ వదిలేస్తే 0 నుంచి 255 వరకు అన్నీ సరిగ్గానే వస్తాయి, మైనస్ 1 పంపిన రోజున తప్పు బయటపడుతుంది. వెక్టర్ రిజిస్టర్‌లో (ఒకేసారి 16, 32 బైట్లు పట్టేది) అయితే ఏవీఎక్స్2 (32 బైట్ల ఇన్‌స్ట్రక్షన్ల జట్టు) ఉన్నచోట వీపీబ్రాడ్‌కాస్ట్‌బీ ఒక్కటే చాలు, అది కింది బైటునే తీసుకుంటుంది. ఎస్‌ఎస్‌ఈ2 (దానికి ముందున్న 16 బైట్ల జట్టు) మాత్రమే ఉంటే మూవ్‌డీ, పంక్‌ఎల్‌బీడబ్ల్యూ, సున్నాతో పీషఫ్‌ఎల్‌డబ్ల్యూ, సున్నాతో పీషఫ్‌డీ: ఈ నాలుగు వరుసగా.

ఒకదానిమీద ఒకటి పడే స్టోర్లలో ఒక చిక్కుంది. 24 బైట్లను 0 నుంచి 15, 8 నుంచి 23 అని రెండు స్టోర్లతో నింపి, వెంటనే ప్రోగ్రామ్ 4వ బైటు నుంచి 16 బైట్లు ఒకేసారి చదివితే, ఆ 16 బైట్లు ఏ ఒక్క స్టోర్‌లోనూ పూర్తిగా లేవు. స్టోర్ బఫర్ నుంచి నేరుగా అందించలేక ప్రాసెసర్ ఆగుతుంది, పది పన్నెండు సైకిళ్లు అక్కడ పోతాయి. 8 బైట్ల హద్దుల మీద 8 బైట్లు చదివితే ఈ ఇబ్బంది ఉండదు, మామూలు కోడ్ చదివేది ఎక్కువగా అలాగే.

32 బైట్లు దాటాక: అసలు లూప్

ఏవీఎక్స్2 ఉన్న యంత్రానికి వరుస ఇది. 32 కంటే తక్కువైతే పై దారికి పంపేశాక, 32 బైట్ల వెక్టర్ రిజిస్టర్ వైఎంఎం0లో బైటు పరిచి ఉందనుకోండి:

మూవ్ ఆర్‌ఏఎక్స్, ఆర్‌డీఐ
వీమూవ్‌డీక్యూయూ [ఆర్‌డీఐ], వైఎంఎం0
వీమూవ్‌డీక్యూయూ [ఆర్‌డీఐ + ఆర్‌డీఎక్స్ - 32], వైఎంఎం0
సీఎంపీ ఆర్‌డీఎక్స్, 64
జేబీఈ ముగింపు
వీమూవ్‌డీక్యూయూ [ఆర్‌డీఐ + 32], వైఎంఎం0
వీమూవ్‌డీక్యూయూ [ఆర్‌డీఐ + ఆర్‌డీఎక్స్ - 64], వైఎంఎం0
సీఎంపీ ఆర్‌డీఎక్స్, 128
జేబీఈ ముగింపు
వీమూవ్‌డీక్యూయూ [ఆర్‌డీఐ + ఆర్‌డీఎక్స్ - 96], వైఎంఎం0
వీమూవ్‌డీక్యూయూ [ఆర్‌డీఐ + ఆర్‌డీఎక్స్ - 128], వైఎంఎం0
లియా ఆర్‌సీఎక్స్, [ఆర్‌డీఐ + 64]
అండ్ ఆర్‌సీఎక్స్, -64
లియా ఆర్8, [ఆర్‌డీఐ + ఆర్‌డీఎక్స్ - 128]
సీఎంపీ ఆర్‌సీఎక్స్, ఆర్8
జేఏఈ ముగింపు
లూప్:
వీమూవ్‌డీక్యూఏ [ఆర్‌సీఎక్స్], వైఎంఎం0
వీమూవ్‌డీక్యూఏ [ఆర్‌సీఎక్స్ + 32], వైఎంఎం0
వీమూవ్‌డీక్యూఏ [ఆర్‌సీఎక్స్ + 64], వైఎంఎం0
వీమూవ్‌డీక్యూఏ [ఆర్‌సీఎక్స్ + 96], వైఎంఎం0
సబ్ ఆర్‌సీఎక్స్, -128
సీఎంపీ ఆర్‌సీఎక్స్, ఆర్8
జేబీ లూప్
ముగింపు:
వీజీరోఅప్పర్
రెట్

దీన్ని ఒక్కసారి అంకెలతో నడిపి చూడండి. అడ్రస్ 4100, సైజు 300. తల స్టోర్లు (బఫర్ మొదట్లో పడేవి) 4100 నుంచి 4163 దాకా నింపుతాయి. తోక స్టోర్లు నాలుగూ కలిపి 4272 నుంచి 4399 దాకా. ఆర్‌సీఎక్స్ 4164 నుంచి కిందికి దిగి 4160 అవుతుంది, అది 64తో సరిగ్గా భాగించబడే అడ్రస్. ఆర్8 విలువ 4272. లూప్ ఒక్కసారి తిరిగి 4160 నుంచి 4287 దాకా నింపుతుంది. ఆర్‌సీఎక్స్ 4288కి చేరి, ఆర్8ను దాటింది కాబట్టి ఆగిపోతుంది. ఎక్కడా ఖాళీ మిగలలేదు. తల దగ్గర 4 బైట్లు, తోక దగ్గర 16 బైట్లు రెండుసార్లు పడ్డాయి. 300 బైట్ల పనికి 320 రాశాం, మిగులు తోకను లెక్కపెట్టి నింపే కోడ్ అంటూ అసలు లేనే లేదు.

లూప్ ఎప్పుడూ హద్దు దాటదు. ఆర్‌సీఎక్స్ ఆర్8 కంటే తక్కువగా ఉంటేనే లోపలికి వస్తాం, ఆర్8కి బఫర్ చివరకు మధ్య సరిగ్గా 128 ఉంది, మనం రాసేదీ 128. ఇక్కడ జేబీకి బదులు జేబీఈ పెడితే తప్పు కాదు, కానీ రెండూ సమానమైనప్పుడు తోక ఇప్పటికే నింపిన 128 బైట్లనే ఇంకోసారి ఊరికే నింపుతుంది.

ఆర్‌సీఎక్స్‌ను 32కు కాకుండా 64కు సర్దడానికి కారణముంది. క్యాష్ లైన్, అంటే క్యాష్ ఒకేసారి తెచ్చే ముక్క, 64 బైట్లు. రెండు లైన్ల మీద పడే స్టోర్‌కు రెండింతల పని. 4096 బైట్ల పేజీ హద్దు మీద పడితే ఇంకా ఎక్కువ. ఇంటెల్ చిప్‌ల తరాల్లో హాస్వెల్, స్కైలేక్ సైకిల్‌కు ఒక్క స్టోరే చేస్తాయి, అంటే 32 బైట్లు. 32 కిలోబైట్ల ఎల్1 నిండడానికి కనీసం 1024 సైకిళ్లు. తర్వాతి తరమైన ఐస్‌లేక్ నుంచి సైకిల్‌కు రెండు స్టోర్లు కుదురుతాయి, అయితే రెండూ ఒకే క్యాష్ లైన్‌లో పడాలి. 64కు సర్దితే మొదటి రెండు స్టోర్లు ఒక లైన్, తర్వాతి రెండు ఇంకో లైన్. లూప్‌ను ఇంతకంటే పొడుగు చేయడంలో ఒరిగేదేమీ లేదు. స్టోర్ పోర్టే ఇరుకు, సబ్, సీఎంపీ, జేబీ దాని చాటున ఉచితంగా నడిచిపోతాయి. 8, 16 స్టోర్లతో పరిచిన లూపులు చాలాచోట్ల కనిపిస్తాయి. అవి ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌ను తినడం తప్ప చేసేదేం లేదు.

సబ్ ఆర్‌సీఎక్స్, -128 చూసి ఆశ్చర్యపోకండి. 8 బిట్ల స్థిరాంకం మైనస్ 128 నుంచి 127 దాకానే పడుతుంది. యాడ్‌తో 128 కలిపితే ఆ ఇన్‌స్ట్రక్షన్ 7 బైట్లు, సబ్‌తో మైనస్ 128 తీస్తే 4 బైట్లే. [ఆర్‌సీఎక్స్ + 96] కూడా ఆ హద్దులోపలిదే.

లూప్ మొదలును 32 బైట్లకు అలైన్ చేయండి (32తో భాగించబడే అడ్రస్‌లో పడేలా), జీఎన్‌యూ అసెంబ్లర్‌లో పీ2అలైన్ 5. స్కైలేక్ తరం చిప్‌లలో 32 బైట్ల హద్దును దాటే లేదా ఆ హద్దు దగ్గరే ముగిసే జంప్‌ల వల్ల ఒక లోపం ఉండేది. 2019లో వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) దాన్ని సరిచేసింది, దానికి బదులు అలాంటి జంప్‌లు డీకోడ్ చేసిన ఇన్‌స్ట్రక్షన్ల క్యాష్‌లో నిలవకుండా పోయాయి. కోడ్‌లో ఎక్కడో పైన ఒక నాప్ (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్) చేర్చగానే లూప్ వేగం మారిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. జంప్ పక్కనే ఉన్న సీఎంపీతో కలిసిపోతుంది కాబట్టి ఆ జంట మొత్తం హద్దుకు ఇవతలే పడాలి.

చివర వీజీరోఅప్పర్ లేకపోతే మీ ఫంక్షన్ బాగానే కనిపిస్తుంది, పిలిచిన కోడ్ నెమ్మదిస్తుంది. అక్కడ పాత ఎస్‌ఎస్‌ఈ ఇన్‌స్ట్రక్షన్లు వాడుతుంటే పై సగంలో మిగిలిన డేటా వాటిని వెనక్కి లాగుతుంది. చిన్న సైజుల దారిలో ఎక్స్‌ఎంఎం0కి (వైఎంఎం0లో కింది 16 బైట్లు) మాత్రమే పరవండి, అప్పుడు ఆ దారిలో వీజీరోఅప్పర్ అవసరమే రాదు.

64 బైట్ల రిజిస్టర్లున్న ఏవీఎక్స్-512 గురించి క్లుప్తంగా. బీజెడ్‌హెచ్‌ఐతో సైజుకు తగ్గ మాస్క్ (ఏ బైట్లు రాయాలో చెప్పే బిట్లు) చేసుకుంటే 64 లోపు ఏ సైజైనా బ్రాంచ్ లేకుండా ఒకే స్టోర్‌తో నిండుతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది. మాస్క్ కప్పేసిన భాగం మ్యాప్ కాని పేజీ మీద పడితే మాత్రం ఫాల్ట్ రాకపోయినా మైక్రోకోడ్ సాయం కావాల్సి వచ్చి బాగా నెమ్మదిస్తుంది. ఇంటెల్ 12వ తరం ఇళ్ల కంప్యూటర్ల చిప్‌లలో ఏవీఎక్స్-512 పనిచేయకుండా ఆపేశారు కాబట్టి, కొత్తది కొన్నాం కదా ఉంటుందిలే అనుకోకండి.

రెప్ స్టాస్‌బీ

ఒక్క ఇన్‌స్ట్రక్షన్. ఏఎల్‌లో బైటు, ఆర్‌సీఎక్స్‌లో సైజు, ఆర్‌డీఐలో అడ్రస్. 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో ఇంటెల్ దీన్ని వేగవంతం చేసింది. ప్రాసెసర్‌లో ఏముందో చెప్పే ఇన్‌స్ట్రక్షన్ సీపీయూఐడీ; దాని 7వ లీఫ్ (జవాబుల పట్టికలో ఒక భాగం), ఈబీఎక్స్‌లో 9వ బిట్ 1 అయితే ఆ సదుపాయం ఉన్నట్టు. మొదలవడానికే కొన్ని పదుల సైకిళ్లు తీసుకుంటుంది, అందుకే 64 బైట్లకు ఇది దండగ. జీలిబ్‌సీ మామూలుగా 2048 బైట్ల నుంచి దీనికి మారుతుంది. మొదటి అంచనాగా అదే అంకె తీసుకుని, మీ యంత్రం మీద కొలిచి 1024, 4096లతో పోల్చండి. కొత్త ఇంటెల్ చిప్‌లలో చిన్న సైజులకు కూడా వేగంగా మొదలయ్యే రకం ఉంది. దాన్ని తెలిపేది 7వ లీఫ్, 1వ సబ్‌లీఫ్, ఈఏఎక్స్‌లో 11వ బిట్.

పెద్ద సైజులకు దీని మేలు వేరే ఉంది. పొడుగైన నింపుడు వస్తోందని ప్రాసెసర్‌కు ముందే తెలుసు కాబట్టి, పాత డేటాను ర్యామ్ నుంచి తెచ్చుకోకుండానే పూర్తి లైన్లు రాయగలదు. వెక్టర్ రిజిస్టర్లు ముట్టనక్కర్లేదు కాబట్టి కెర్నల్ కోడ్‌కూ ఇదే సరిపోతుంది.

జాగ్రత్తలు రెండు. ఆర్‌ఏఎక్స్‌లో తిరిగి ఇవ్వాల్సిన అడ్రస్ ఉంటే ఏఎల్‌లో బైటు పెట్టగానే అది చెడిపోతుంది. ముందే ఆర్8లో దాచి, చివర ఆర్‌ఏఎక్స్‌కు మార్చండి. రెండోది, డైరెక్షన్ ఫ్లాగ్ 1గా ఉంటే నింపుడు వెనక్కి నడుస్తుంది. ఫంక్షన్‌లోకి వచ్చేటప్పుడు అది 0గా ఉండాలన్నది లినక్స్, విండోస్ రెండింటి నియమం. అయినా మీ అసెంబ్లీలో ఎక్కడైనా ఎస్‌టీడీ (ఫ్లాగ్‌ను 1 చేసేది) వాడి సీఎల్‌డీ (0 చేసేది) మరిచారంటే, బఫర్ ముందున్న మెమరీ చెదిరిపోయి తప్పు ఇంకెక్కడో బయటపడుతుంది.

క్యాష్‌లో పట్టని బఫర్

మామూలు స్టోర్ క్యాష్‌లో లేని లైన్ మీద పడితే, ప్రాసెసర్ ముందు ఆ 64 బైట్లను ర్యామ్ నుంచి తెచ్చుకుని, మార్చి, తర్వాత ఎప్పుడో వెనక్కి రాస్తుంది. నింపడానికి చదవడమెందుకు? ఎందుకంటే మీరు మొత్తం 64 బైట్లూ మార్చబోతున్నారని దానికి తెలియదు. ఫలితం, ర్యామ్ మీద రెండింతల రాకపోకలు.

అంకెల్లో చూస్తే, డీడీఆర్4-2400 ర్యామ్ ఒకే కర్ర పెట్టిన డెస్క్‌టాప్‌లో లెక్క ప్రకారం గరిష్ఠంగా సెకనుకు 19.2 గిగాబైట్లు. మామూలు స్టోర్లతో అందులో సగం చదవడానికే పోతుంది, నింపగలిగేది 9.6 లోపే. ఇంత తేడా ఉన్నచోట లూప్‌లో ఇన్‌స్ట్రక్షన్లను అటూ ఇటూ జరిపి లాభం లేదు. రెండో కర్ర పెట్టి డ్యూయల్ చానల్ చేస్తే వచ్చే లాభం ఏ కోడ్‌తోనూ రాదు.

కోడ్ వైపు ఉన్న మందు నాన్-టెంపొరల్ స్టోర్, వీమూవ్‌ఎన్‌టీడీక్యూ. ఇది పాత డేటాను తేదు, క్యాష్‌ను పక్కనపెట్టి నేరుగా ర్యామ్ వైపు పోతుంది. వైఎంఎం వాడితే అడ్రస్ 32కు అలైన్ అయి తీరాలి, లేకపోతే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది. ఒక లైన్‌లోని 64 బైట్లనూ వెంటవెంటనే రాయాలి. సగం లైన్ రాసి ఇంకోచోటికి పోతే ఆ సగం విడిగా బయటికి పోయి, మామూలు స్టోర్ కంటే నెమ్మదవుతుంది. పై లూప్‌లో నాలుగు స్టోర్ల స్థానంలో వీటిని పెడితే చాలు, 64కు సర్దడం ముందే అయిపోయింది. తల, తోక మాత్రం మామూలు స్టోర్లే. లూప్ అయ్యాక ఎస్‌ఫెన్స్ పెట్టండి. లేకపోతే బఫర్ సిద్ధమైందని వేరే థ్రెడ్‌కు చెప్పే ఫ్లాగ్, అసలు డేటా కంటే ముందు కనబడే ప్రమాదముంది.

ఎప్పటి నుంచి వాడాలి? బఫర్ ఆఖరి స్థాయి క్యాష్‌లో ముప్పావు వంతు దాటితే మొదలుపెట్టొచ్చు. అయితే మొదట్లో అడిగిన రెండో ప్రశ్న ఇక్కడే అసలు పనికొస్తుంది. నింపిన వెంటనే ప్రోగ్రామ్ దాన్ని చదువుతుంటే నాన్-టెంపొరల్‌లో మెమ్‌సెట్ టైము తగ్గుతుంది, తర్వాతి ఫంక్షన్ టైము అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. మెమ్‌సెట్‌ను ఒంటరిగా కొలిచేవాళ్లకు ఈ నష్టం కనిపించదు. కొలిస్తే రెండూ కలిపి కొలవాలి.

మూడు బైట్ల నింపుడు: తెలుగు, దేవనాగరి

మామూలు మెమ్‌సెట్ ఒక బైటునే నింపగలదు. స్థిర వెడల్పు ఫారాలు, డిస్‌ప్లే బోర్డుల బఫర్లలో ఒక అక్షరంతో నింపాలంటే ఖాళీ స్పేస్‌కు సరిపోతుంది, మన అక్షరాలకు సరిపోదు. యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) 'అ' మూడు బైట్లు: 224, 176, 133. మరాఠీ రాసే దేవనాగరిలో అదే అక్షరం 224, 164, 133. యూనికోడ్‌లో రెండు లిపులనూ ఒకే వరుసలో అమర్చారు కాబట్టి మధ్య బైటు ఒక్కటే తేడా. రెండు భాషల్లోనూ బోర్డులుండే మన జిల్లాల్లో ఒకే రొటీన్ రెండింటికీ నడుస్తుంది.

3, 16ల కనిష్ఠ సామాన్య గుణిజం 48. అంటే మూడు ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లు. మొదటిది అక్షరం మొదటి బైటు నుంచి, రెండోది రెండో బైటు నుంచి, మూడోది మూడో బైటు నుంచి మొదలవ్వాలి, ఎందుకంటే 16ను 3తో భాగిస్తే శేషం 1, 32ను భాగిస్తే 2. ఈ 48 బైట్లను డేటా సెక్షన్‌లో ముందే రాసిపెట్టుకుని మూడు లోడ్లతో తెచ్చుకోండి. లూప్‌లో మూడు స్టోర్లు, అడ్రస్‌కు 48 కలపడం. తోకకు ఒకదానిమీద ఒకటి పడే పద్ధతే, కానీ అక్షరం వరుస తప్పకూడదు. మొత్తం సైజు 3 గుణిజమే కాబట్టి చివరి నుంచి 48, 32, 16 వెనక్కి వెళ్లి మొదటి, రెండో, మూడో రిజిస్టర్లనే అదే క్రమంలో రాస్తే సరిగ్గా కూర్చుంటుంది, శేషం లెక్కలేవీ అక్కర్లేదు. ఇక్కడ చేయకూడని పని 64కు సర్దడం. అడ్రస్‌ను కిందికి దించితే వరుస జారి, అక్షరం మధ్య బైటుతో మొదలై, తెర మీద చతురస్రాలు వస్తాయి. 48 కంటే చిన్న సైజులకు ఒక్కో అక్షరం రాసే మామూలు లూప్ పెట్టేయండి, 15 అక్షరాలకు మించి ఉండవు.

ఏ యంత్రంలో ఏముందో చూసుకోవడం

పెంటియమ్, సెలెరాన్ పేరుతో వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో 10వ తరం దాకా ఏవీఎక్స్ లేదు. ఐ3లో రాసి పరీక్షించిన ప్రోగ్రామ్ ల్యాబ్‌లోని పెంటియమ్ మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడిపోవడానికి కారణం ఇదే. ఏవీఎక్స్2 ఉందని నమ్మాలంటే మూడూ సరిపోవాలి: సీపీయూఐడీ 1వ లీఫ్ ఈసీఎక్స్‌లో 27వ బిట్, తర్వాత ఎక్స్‌గెట్‌బీవీతో వచ్చిన విలువలో 1, 2 బిట్లు రెండూ, 7వ లీఫ్ ఈబీఎక్స్‌లో 5వ బిట్. మధ్యది వదిలేసేవాళ్లు ఎక్కువ. ప్రాసెసర్‌లో ఉన్నా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ రిజిస్టర్లను కాపాడకపోతే వాడకూడదన్నది దాని అర్థం. ఈ పరీక్ష ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి చేసి ఫంక్షన్ పాయింటర్‌లో దాచుకోండి. సీపీయూఐడీ వందల సైకిళ్లు తినే ఇన్‌స్ట్రక్షన్, వర్చువల్ మెషీన్‌లో ఇంకా ఎక్కువ.

తప్పులు పట్టుకునే పరీక్ష

లినక్స్ పిలుపు ఎంమ్యాప్‌తో మూడు పేజీలు తీసుకుని, మొదటిదాన్ని, చివరిదాన్ని ఎంప్రొటెక్ట్‌తో ముట్టకుండా చేయండి. మధ్య పేజీ చివరికి ఆనించి బఫర్ పెడితే ఒక్క బైటు ఎక్కువ రాసినా ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. మొదటికి ఆనించి పెడితే వెనక్కి జారిన స్టోర్ దొరుకుతుంది. తర్వాత మధ్యలో, 0 నుంచి 63 దాకా ప్రతి ఆఫ్‌సెట్‌కు 0 నుంచి 512 దాకా ప్రతి సైజు. మొత్తం 32832 జతలు, కంటిరెప్ప పాటులో అయిపోతాయి. ప్రతిసారీ ముందు, వెనక 64 బైట్లలో వేరే విలువ నింపి, అది చెక్కుచెదరలేదని చూడండి. బైటు విలువలు 0, 128, 255, మైనస్ 1, 4660. ఒక్క సున్నాతో పరీక్షించి వదిలేస్తే బైటు పరిచే కోడ్‌లోని తప్పు ఎప్పటికీ బయటపడదు.

పాస్‌వర్డ్ లాంటివి తుడవడానికి రాస్తుంటే మీ ఫంక్షన్‌కు మెమ్‌సెట్ అనే పేరు పెట్టకండి. ఆ పేరు కంపైలర్‌కు తెలుసు. తర్వాత ఎవరూ చదవడం లేదని చూసి పిలుపునే తీసేస్తుంది.

కొలవడం

కొత్తగా తీసుకున్న 64 మెగాబైట్ల మీద మొదటిసారి మెమ్‌సెట్ నడిపితే కొలిచేది మీ కోడ్‌ను కాదు, 4 కిలోబైట్ల పేజీల లెక్కన 16384 పేజ్ ఫాల్ట్‌లను (పేజీని మొదటిసారి ముట్టినప్పుడు కెర్నల్ చేసే పని). ఒకసారి ఊరికే నింపి, రెండోసారి నుంచి కొలవండి. టైము చదివే ఇన్‌స్ట్రక్షన్ ఆర్‌డీటీఎస్‌సీ ఒకే స్థిర వేగంతో లెక్కపెడుతుంది, కోర్ ఏ వేగంతో నడుస్తోందో దానికి పట్టదు. అసలు సైకిళ్లు కావాలంటే లినక్స్ కమాండ్ పెర్ఫ్ స్టాట్ వాడి సైకిళ్లు, బ్రాంచ్ మిస్‌లు, పేజ్ ఫాల్ట్‌లు మూడూ చూడండి. టాస్క్‌సెట్‌తో ఒకే కోర్‌కు కట్టేయండి.

ఒకే సైజును లక్షసార్లు నడిపితే బ్రాంచ్ ఊహలన్నీ నిజమై చిన్న సైజుల కోడ్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. వెయ్యి వేర్వేరు సైజులు ముందే అర్రేలో పెట్టుకుని వరుసగా నడపండి, రెండు ఫలితాలూ పక్కపక్కన రాయండి. బైటు విలువ సున్నాతో ఒకసారి, 1తో ఒకసారి కొలవండి. స్కైలేక్, ఐస్‌లేక్ తరాల్లో ఉన్న సున్నాల మీద మళ్లీ సున్నాలు రాస్తే తర్వాతి స్థాయి క్యాష్‌కు వెనక్కి రాసే పని కొంత తగ్గించుకునే ఏర్పాటు కనబడింది. ఆ తరాల్లో సున్నా ఒక్కదానితో వచ్చిన అంకెను నమ్మలేం.

ఎండాకాలం సంగతి. చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పది సెకన్లు గట్టిగా నడవగానే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, ముందు నడిచిన వెర్షన్ గెలిచినట్టు, తర్వాతిది ఓడినట్టు కనిపిస్తుంది. రెండు వెర్షన్లను ఒకదాని తర్వాత ఒకటి మార్చిమార్చి నడిపి, ప్రతిదానికీ అతి తక్కువ టైమును తీసుకోండి. సగటు వద్దు. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు వచ్చిన అంకెలను పారేయండి, పవర్ సెట్టింగ్ మారి ఉంటుంది. గవర్నర్‌ను (కోర్ వేగాన్ని నిర్ణయించే లినక్స్ సెట్టింగ్) పెర్ఫార్మెన్స్‌లో పెట్టడం మాత్రం ఏ కాలంలోనైనా తప్పనిసరి.

ఫోనే ఉన్నవాళ్లకు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుంటే క్లాంగ్ వస్తుంది, ఆర్మ్64 (ఫోన్ ప్రాసెసర్ల) అసెంబ్లీ అక్కడే రాయొచ్చు. అడ్రస్ ఎక్స్0, బైటు డబ్ల్యూ1, సైజు ఎక్స్2. డూప్‌తో వీ0లో 16 చోట్లా పరచండి. ఎస్‌టీపీ క్యూ0, క్యూ0 ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో 32 బైట్లు. తల, తోక, ఒకదానిమీద ఒకటి పడే పద్ధతి అచ్చం అదే.

సున్నాతో నింపేటప్పుడు ఆర్మ్‌లో ప్రత్యేక సదుపాయం ఉంది, డీసీ జెడ్‌వీఏ. పాత డేటా తేకుండా ఒక బ్లాక్ మొత్తం సున్నా చేస్తుంది. బ్లాక్ సైజు ఊహించకండి. ఎంఆర్‌ఎస్‌తో డీసీజెడ్‌ఐడీ రిజిస్టర్ చదివితే కింది నాలుగు బిట్లలో 4 ఉంటే 16 పదాలు, అంటే 64 బైట్లు. 4వ బిట్ 1 అయితే దాన్ని వాడనివ్వరు, ఎస్‌టీపీ లూప్‌కే పోవాలి. అడ్రస్‌ను ముందే బ్లాక్ హద్దుకు సర్దండి. హద్దు మధ్యలో ఇస్తే ఫాల్ట్ రాదు, ఆ బ్లాక్ మొదటి నుంచి సున్నా అయిపోయి మీ బఫర్ ముందున్న డేటా పోతుంది. ఫోన్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉంటాయి, వాటి వేగాలకు పొంతన ఉండదు. ఇక్కడా టాస్క్‌సెట్‌తో ఒక కోర్‌కు కట్టి, ఏ కోర్ మీద కొలిచారో అంకె పక్కనే రాసుకోండి.

ఆర్మ్ వీ8.8 నుంచి రెప్ స్టాస్‌బీ లాంటిదే మూడు ఇన్‌స్ట్రక్షన్ల జట్టుగా వచ్చింది: సెట్‌పీ, సెట్‌ఎం, సెట్‌ఈ. ఉందో లేదో చూసుకున్నాకే వాడండి. మూడూ అదే వరుసలో, అవే రిజిస్టర్లతో, మధ్యలో ఇంకో ఇన్‌స్ట్రక్షన్ లేకుండా ఉండాలి.